చీరకెక్కిన సంత

"ఆ చీర మార్చుకోండి అత్తయ్యా."

అర్చన ఆ మాట అనడం అది మూడోసారి. మొదటిసారి మెల్లగా అంది. రెండోసారి చేతులు కట్టుకుని అంది. ఈసారి హాలు మధ్యకొచ్చి నిలబడి, అత్తగారి కళ్ళలోకి చూస్తూ అంది.

కన్యాకుమారి అద్దం ముందునుంచి కదల్లేదు. పైట చెంగు రెండు చేతులా విప్పి పట్టుకుని, అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుంది.

"ఎందుకమ్మా మార్చుకోవాల? మావయ్య నీకని ముచ్చటపడి సేయించేరు. మహర్నవమి పూట కొత్త సీర కట్టుకున్నాను. ఇప్పుడిది విప్పీసి పాతది కట్టుకోమంటావేటి?"

చెంగు మీద సంత ఉంది. రాజాం వారపు సంత. గంపలు మోస్తున్న ఆడవాళ్ళు, మేకని లాక్కుపోతున్న ముసలాయన, గొడుగు కింద గాజులమ్ముకునే మనిషి, అందరి కాళ్ళ మధ్యనుంచి దూరి బెలూన్ కోసం పరిగెత్తే ఎర్రగౌను పిల్ల. ఆ బొమ్మ వేయడానికి అర్చనకి ఏడు నెలలు పట్టింది. ఇప్పుడా ఎర్రగౌను పిల్ల ఒకత్తి కాదు. చీర పొడుగునా నలభైమంది పిల్లలు బారులు తీరి, సగంమంది అత్తగారి కుచ్చిళ్ళలోకి దూరిపోయారు.

"ఆ బొమ్మ నా పుస్తకం అట్టమీదకి వేసిందండీ. పుస్తకం వచ్చేలోపల బయట ఎక్కడా కనబడకూడదు."

"నేను బయటికెక్కడికెల్లేను? ఇంట్లోనే ఉన్నాను కదా."

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న నగరేశ్వరరావు ఆ మాటకి గొంతు సవరించుకున్నాడు. పాతికేళ్ళుగా రాజాం మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు నడుపుతున్న మనిషి. కోడలు పెట్టె విప్పుతున్నప్పుడు ఫోనులో వీడియో తియ్యమని భార్యకి ముందే చెప్పి ఉంచాడు. కోడలు పెట్టె విప్పింది. చీర మడత తీసింది. ఆ తరవాత ఆమె మొహంలో కనిపించింది వీడియో తీసుకోదగ్గది కాదని కన్యాకుమారికి కూడా అర్థమై, ఫోను దించేసింది. అది జరిగి అరగంటయింది. 

"ఇంట్లోనే ఏటి?" అన్నాడిప్పుడు. "రేపు దశమి. కోవెల్లో పూజకి మన మహిళా సంఘపోళ్ళు అరవైమందీ ఇదే సీర కట్టుకొస్తన్నారు. నిన్ననే పంచిపెట్టేసేం. మిగతాయి రేపు కొట్టులో గుమ్మానికి కడతన్నాం."

 ఒక్క చీరనుకుంది అర్చన. అత్తగారికొకటి, తనకొకటి, మహా అయితే రెండనుకుంది.

"ఎన్ని వేయించారు మావయ్యా?"

"మూడొందలు."

ఆయన ఆ అంకె చెప్పిన తీరులో ఇంకా కొంచెం ఆశ ఉంది. ఇప్పుడైనా కోడలు సంతోషిస్తుందేమో అన్న ఆశ. అది చూసి అర్చనకి ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి కూడా వీల్లేకుండా ప్రేమగా ముంచే మనిషి మీద వచ్చే కోపం మరీ చెడ్డది.

బొమ్మలు వేసే కోడలికి పండక్కి ఏమివ్వాలన్నది ఆ ఇంట్లో మూడేళ్ళుగా తేలని సమస్య. మొదటి దసరాకి అత్తగారు స్కెచ్ పెన్నుల డబ్బా ఇచ్చింది. డబ్బా మూతమీద కుందేలు ఉంది. రెండో దసరాకి ఆమె భర్త ప్రమోద్ విశాఖపట్నం వెళ్ళి బొమ్మ నిలబెట్టుకునే చెక్క స్టాండు కొనుక్కొచ్చాడు. పాపం మంచి స్టాండే. పెట్టుకోడానికి చోటులేక వరండాలోకి చేరింది, ప్రస్తుతం దాని మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి.

ఈ ఏడు ప్రమోద్ ఏం కావాలని అడిగితే అర్చన నోరు తెరిచి అడిగింది. "మేడమీద సరుకు గది ఖాళీ చేయించండి. దానికి ఉత్తరం కిటికీ ఉంది. పొద్దున్న రెండు గంటలు నన్నెవరూ కిందకి పిలవకూడదు. అంతే."

"అదేటి కానుక? కాగితం సుట్టి ఇవ్వడానికవుతాదా?" అని ప్రమోద్ నవ్వాడు. నవ్వులో నవ్వుగా ఆ గది మాట అక్కడే పోయింది.

నగరేశ్వరరావుని తప్పుపట్టడం తేలికే. కానీ ఆయన పడ్డ పాట్లు కూడా చెప్పుకోవాలి. మూడు నెలలుగా కనబడిన ప్రతివాణ్ణీ అడిగాడు, బొమ్మలేసే మనిషికి ఏటిస్తే బాగుంటాదని. హైస్కూలు డ్రాయింగు మేష్టారు రంగులన్నాడు. పక్క కొట్టు స్టీలు సామాన్ల ఆయన, గోడ గడియారం అన్నాడు. ఏదీ ఆయన మనసుకి ఎక్కలేదు. రంగులిస్తే మళ్ళీ బొమ్మ వేస్తుంది, అది మళ్ళీ బీరువాలో పడుంటుంది. బొమ్మ వేసే మనిషికి కావలసింది ఆ బొమ్మ నలుగురూ చూడడం కదా? ఊళ్ళో నలుగురూ చూసే వస్తువు ఆయనకి తెలిసింది ఒకటే. జగన్నాధం అనే చీరల ఏజెంటుకి ఫోన్ చేశాడు.

"మావయ్యా" అంది అర్చన. చెంగు అంచు అత్తగారి చేతిలోంచి తీసుకుని, మేక కాళ్ళ దగ్గర వేలు పెట్టింది. "ఇక్కడ నా సంతకం ఉండాలి. చిన్న అక్షరాల్లో. ఏమైంది?"

నగరేశ్వరరావు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు.

"అది సంతకమా?" అన్నాడు.

"అవును."

"మరకనుకున్నానమ్మా. జగన్నాధం కూడా అన్నాడు, సెంగు మీద మరకున్నాది, ఆడోళ్ళు సూసేరంటే డేమేజీ పీసని పక్కన పడేస్తారు, తీసీమంటారా అని. తీయించేసేను. మూడొందల సీరల్లో ఒక్కదాన్లో కూడా ఉండదు. నేనే దగ్గరుండి ఒక్కోటీ సూసేను."

చివరి మాట కొంచెం గర్వంగానే అన్నాడు. నాసిరకం సరుకు తన కొట్టు గుమ్మం దాటి లోపలికి రానివ్వని మనిషి.

అర్చన చెంగు వదిలేసింది. ఏడు నెలలు పెట్టి వేసిన దాని అడుగున తన పేరు రాసుకుంటే, మావగారి కంటికి అది మరక. దీనికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చేయకుండా అంది:

"ఆ చీరలన్నీ వెనక్కి తెప్పించండి."

"ఏటీ?" అంది కన్యాకుమారి.

"అరవై చీరలూ. ఈ సాయంత్రంలోగా. రేపు కోవెల్లో అరవైమంది కట్టుకుంటే ఫోటోలు తీసుకుంటారు, స్టేటస్‌లు పెట్టుకుంటారు. ఆ తరవాత నా పుస్తకం ఉండదు. ముందుగా బయటికొచ్చిన బొమ్మ పనికిరాదని పుస్తకం వేసేవాళ్ళతో ఒప్పంద పత్రంలో రాసుకున్నాం."

"మన బొమ్మ మనం కట్టుకుంటే ఆళ్ళెవులమ్మా అడగడానికి?" అన్నాడు నగరేశ్వరరావు.

"మన బొమ్మ కాదు మావయ్యా. నాది."



ఆ ఇంట్లో 'మన' అన్న మాట చాలా పెద్దది. మన కొట్టు, మన సరుకు, మన సంఘం, మన కోవెల, మన కోడలు. కన్యాకుమారి కాపరానికొచ్చి ముప్ఫయ్యేళ్ళయినా తన బీరువాని కూడా మన బీరువా అంటుంది. ఆ హాల్లో నిలబడి ఒక మనిషి 'నాది' అనడం ఆ ముసలివాళ్ళిద్దరూ అదే మొదలు వినడం.

కన్యాకుమారే ముందు తేరుకుంది.

"సరే. నీదే. నీ బొమ్మ నీదే, నీ పుస్తకం నీదే. మరి మేవెవులం? పొద్దున్న లేచి నీ గదిలోకి కాఫీ తెచ్చిస్తన్నదెవులు? బొమ్మలేసుకుంటంది, పిలవకండని నీ మొగుడు సెప్తే గుమ్మందాకా వచ్చి తిరిగెల్లిపోతన్నదెవులు? మా వోళ్ళలో ఏ కోడలికీ ఇంత సాగలేదు."

"నేను కాదనలేదు అత్తయ్యా."

"అరవై ఇళ్ళకి నేనెల్లి, పంచిన సీరలు ఇచ్చీయండమ్మా, మా కోడలికి నచ్చలేదంట అని అడగాలా? ఆ మాట నా నోటమ్మట వస్తాదా? ఇచ్చిన సీర ఎనక్కి అడిగిన ఇల్లు ఈ రాజాంలో ఉన్నాదేటి?"

"మీరడగలేకపోతే నేను వెళ్తాను. ఇంటింటికీ నేనే వెళ్ళి అడుగుతాను."

"ఎల్లు. మా పరువు తీసీడానికి పండగ పూటే దొరికింది నీకు."

కోపం వచ్చినప్పుడు అర్చన చదువుకున్న మాట పోయి పుట్టిల్లు గజపతినగరం మాట బయటపడుతుంది. "పరువు నాకు లేదేటి?" అంది. "నన్నొక్క మాట అడిగితే ఏటైపోను? ఏడు నెలలు ఏసినదాన్నే కదా, ఎదురుగుండానే ఉన్నాను కదా. మీ అబ్బాయిని ఒక్క మాట అడిగినా సెప్పును, ఆయనకి తెలుసు."

నగరేశ్వరరావు కిటికీలోంచి రోడ్డు మీదకి చూశాడు. ఆ చూపు పక్కకి పోవడం అర్చన కనిపెట్టింది.

"మావయ్యా, ఈ బొమ్మ మీ చేతికెలా వచ్చింది?"

"వచ్చిందిలే."

"అది నా లాప్‌టాప్‌లో ఉంది. కాగితం బీరువాలో ఉంది, తాళం నా దగ్గరుంది. ఎలా వచ్చింది?"

 ఈలోగా మెట్లమీద చెప్పుల చప్పుడయింది. కింద కొట్టు మూసి భోజనానికి పైకొచ్చిన ప్రమోద్ గుమ్మంలో ఆగాడు. తల్లి ఒంటిమీది చీర చూశాడు, తండ్రి మొహం చూశాడు, ఆఖరున పెళ్ళాం మొహం చూశాడు. చూసిన వరసలోనే తెలిసిపోయింది, కొత్తగా తెలుసుకోవలసినదేమీ అతనికి లేదని.

"మీరే ఇచ్చారా?" అంది అర్చన.

ప్రమోద్ చెప్పులు విప్పి మూలకి తోశాడు.

"నాన్న అడిగేరు. ఇచ్చేను. నీకు ఆశ్చర్యంగా ఉంటాదని సెప్పలేదు."

"ఒప్పంద పత్రం మీద సాక్షి సంతకం మీదే కదండీ. మీరు చదివే పెట్టారు కదా."

"ఏదో గుర్తులేదు అర్చనా. మూడొందల సీరల మీద నీ బొమ్మొచ్చింది. ఊరంతా కట్టుకుంటారు. పుస్తకం ఏస్తే ఎంతమంది సూస్తారు? నువ్వే అన్నావు కదా నలుగురూ సూడాలని."

"అన్నాను. పుస్తకంలో."

"భోజనం సెయ్యండి ముందు" అంది కన్యాకుమారి. ఎవరూ కదల్లేదు. వంటింట్లో పులిహోర గిన్నె మీద మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.

అర్చన గదిలోకి వెళ్ళి తెల్లకాగితాలు తెచ్చింది. భోజనాల బల్ల దగ్గర నిలబడే ఒకదాని మీద నాలుగు వాక్యాలు రాసింది. తెచ్చి మావగారి ముందు పెట్టింది.

నగరేశ్వరరావు కాగితాన్ని దూరంగా పట్టుకుని పైకే చదివాడు.

"మా కోడలు అర్చన వేసిన సంత బొమ్మను ఆమెను అడగకుండా చీరల మీద వేయించాను. ఆ బొమ్మ మీద నాకు గానీ, మా కొట్టుకి గానీ ఏ హక్కూ లేదు. పంచిన చీరలు వెనక్కి తీసుకుంటున్నాను. మిగిలినవి అమ్మను."

రెండో వాక్యం మళ్ళీ చదివాడు. ఈసారి లోపల చదువుకున్నాడు. పెదవులు మాత్రం కదిలాయి.

"ఏ హక్కూ లేదు" అన్నాడు కాగితం దించి. "నా ఇంట్లో కూకుని నా కోడలు ఏసిన బొమ్మ మీద నాకే హక్కూ లేదని నా సేత్తో రాసివ్వాలా?"

"రాసింది నేనే. మీరు సంతకం పెడితే చాలు."

"పెట్టను."

"మావయ్యా, ఇది లేకపోతే వాళ్ళు నన్ను నమ్మరు. నేనే అమ్ముకున్నాననుకుంటారు."

"పెట్టనని సెప్పేను కదా. నీకు పండక్కి ఏటివ్వాలా అని మూడు నెల్లు తిరిగేను నాను. ఎర్రిబాగులోడిలాగ ఊరందర్నీ అడిగేను. ఇచ్చినందుకు తప్పయిపోయిందని రాసిమ్మంటన్నావు. ఈ ఇంట్లో ఇచ్చినోడు తప్పు పత్రం రాయడం ఎప్పుడూ లేదు."

"ఇచ్చినదాంట్లో తప్పు లేదు. తీసుకున్నదాంట్లో ఉంది" అంది అర్చన.

"ఒలమ్మో, మాటలు సూడు" అంది కన్యాకుమారి.

"అత్తయ్యా, మీరు కాసేపు ఆగండి."

"నన్నాగమంటన్నావా? సూడరా, మీ ఆవిడ నన్ను నోరు మూసుకోమంటంది."

ప్రమోద్ చూడలేదు. మంచినీళ్ళ బాటిల్ అందుకుని గటగటా తాగాడు. అంతసేపు తాగేటంత దాహం ఎవరికీ ఉండదు.

అర్చన ఫోను తీసింది. "మీరు నా మాట నమ్మక్కర్లేదు. పుస్తకం వేసేవాళ్ళే చెప్తారు. వాళ్ళ నోటితోనే వినండి."

"పండగ పూట ఆళ్ళనెందుకు..." అన్నాడు ప్రమోద్. బాటిల్ బల్లమీద పెట్టేశాడు. "రేపెల్లాక సేద్దూగాని. నాను మాటాడతాను ఆళ్ళతోటి."

"మీరెందుకు మాట్లాడ్డం?"

"అర్చనా, ఇప్పుడొద్దు. సెప్తన్నాను కదా."

ఫోను అప్పటికే మోగుతోంది. అర్చన స్పీకరు పెట్టి బల్ల మధ్యన ఉంచింది. హైదరాబాదులో పిల్లల పుస్తకాలు వేసే సంస్థలో సంపాదకురాలు అరుణశ్రీ. ఈ పుస్తకం మొదలైన దగ్గర్నుంచీ అర్చనతో మాట్లాడుతున్నది ఆవిడే. ఐదో రింగుకి ఎత్తింది.

"చెప్పండి అర్చనగారూ" అంది. గొంతులో మునుపటి చనువు లేదు. పెళ్ళిలో పరిచయమైన మనిషిని పలకరించినట్టుంది.

"సెలవురోజున ఇబ్బంది పెడుతున్నాను మేడమ్. అట్టమీది బొమ్మ విషయంలో ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. మా మావగారు తెలియక చీరల మీద వేయించారు. ఇంకా బయట ఎవరూ కట్టుకోలేదు. ఆపేస్తున్నాం. మీకేమైనా కాగితం రాసివ్వాలంటే..."

"నాకెందుకండీ కాగితం?" అంది అరుణశ్రీ. "మీ బొమ్మ మీ ఇష్టం. మీరు వద్దన్నాక దాంతో మాకు పని లేదు కదా."

అర్చనకి అర్థం కాలేదు. "నేను వద్దనడమేమిటి?"

"పదిహేను రోజుల క్రితం మెయిల్ పెట్టారు కదండీ. ఇంటి పరిస్థితులు బాగులేవు, పుస్తకం పనికి మూడు నెలలు హైదరాబాదు వచ్చి ఉండలేను, పుస్తకం మానుకుంటున్నాను అని. ఒకసారి ఫోన్లో మాట్లాడదాం అని నేను రాస్తే, ఫోన్ చేయవద్దు, ఇంట్లో గొడవ అవుతుంది అని పది నిమిషాల్లో జవాబిచ్చారు. అందుకే నేను చేయలేదు. నాకు చాలా బాధేసింది, అది వేరే సంగతి."

అర్చన ఫోను వైపే చూస్తోంది. ఎంత గుర్తు చేసుకున్నా ఆ మెయిల్ తను రాయలేదు. రాసింది తను కాకపోతే తన మెయిల్ తెరిచి రాసి, ఆనవాలు లేకుండా తీసేసింది ఎవరు? పెళ్ళయిన కొత్తలో ఆ మెయిల్ తన ఫోన్లోనూ తెరిచిపెట్టుకున్నది ప్రమోద్ ఒక్కడే. కొరియర్లవీ వస్తే చూస్తానన్నాడు. అప్పుడదెంత ముచ్చటగా అనిపించిందో.

తలెత్తింది. ప్రమోద్ నేలకేసి చూస్తున్నాడు.

"మేడమ్" అంది అర్చన.  "అది నేను రాయలేదు."



"మరెవరు రాశారు?"

"నా పేరు మీద ఇంకొకరు రాశారు. నేను పుస్తకం మానుకోలేదు. కార్తీకంలో వస్తానన్నాను, వస్తాను."

"అర్చనగారూ, నాకు మీరంటే నమ్మకమే. కానీ మీ స్థానంలో ఇంకొకరి పుస్తకం అనుకున్నాం. ఎల్లుండి ఉదయం ఈ ఏటి పుస్తకాల జాబితా ప్రెస్సుకి వెళ్ళిపోతుంది. ఒప్పుకున్న మెయిలూ మీ పేరు మీదే ఉంది, మానుకున్న మెయిలూ మీ పేరు మీదే ఉంది. రెండోది ఎవరు రాశారో ఆ రాసినవాళ్ళు సంతకం పెట్టి ఇవ్వాలి. చీరల గురించి మీ మావగారిది కూడా కావాలి. ఈ సాయంత్రం ఆ రెండూ నాకొస్తే నేను మావాళ్ళతో పోట్లాడతాను. రాకపోతే నేనేమీ చేయలేను."

ఫోను ఆగిపోయింది.

అర్చన అరవలేదు. "మీరేనా?" అని కూడా అడగలేదు. అలా నిలబడి చూస్తూ ఉండిపోయింది. ప్రమోద్‌కి ఆ చూపు భరించడం కష్టమైంది.

"వద్దని నీతో అనలేకపోయేను" అన్నాడు. "అంటే సెడ్డోణ్ణయిపోతాను. పెళ్ళాన్ని పైకి రానివ్వలేదంటారు. మూడు నెలలు నువ్వక్కడ, నానిక్కడ. ఆ తరవాత ఇంకో పుస్తకమంటావు, ఇంకో మూడు నెలలంటావు. నాకు తెల్దేటి?"

"అందుకని నన్ను చంపేసి నా పేరు మీద ఉత్తరం రాశారు."

"సంపడమేటి? ఇంట్లో ఉన్నావు కదా, సుకంగా ఉన్నావు కదా. పుస్తకం పోతే బాధపడతావని, దానికి బదులే నాన్నకి ఆ బొమ్మిచ్చేను. నీకు ఏదో ఒకటి ఉండాలని. అది కానుకే అర్చనా."

ఇంత ఘోరమైన మాట అతనెంత నిజంగా అన్నాడంటే, అది విని కన్యాకుమారి కూడా తల పక్కకి తిప్పుకుంది. ఏమనుకుందో ఏమో, చెంగు నడుం చుట్టూ బిగించి దోపుకుని, వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

నగరేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు.

"ఆ యమ్మి పేరెట్టి నువ్వు రాసేవా?" అన్నాడు కొడుకుతో.

"నాన్నా, అది మెయిలు..."

"మెయిలో ఉత్తరమో. ఆ యమ్మి పేరెట్టి రాసేవా, లేదా?"

"రాసేను."

"నాకా బొమ్మ ఇచ్చినప్పుడు, అర్చనకి ఆ పుస్తకం వద్దంట నాన్నా, బొమ్మ కాళీగానే ఉన్నాదని సెప్పేవు."

"సెప్పేను."

"పాతికేళ్ళు" అన్నాడు నగరేశ్వరరావు. "పాతికేళ్ళు ఆ కొట్టులో కూకున్నాను. ఒకడి పేరు కింద ఇంకొకడు సంతకం పెట్టిన కాగితం నా బల్ల మీదకి రానివ్వలేదు. పెట్టినోణ్ణి మళ్ళీ కొట్టు మెట్లెక్కనివ్వలేదు. నా కొడుకే పెడతాడని నాకు తెల్దు."

ఆయన బల్ల దగ్గరకొచ్చాడు. చొక్కా జేబులోంచి పెన్ను తీసి, ఇందాక పెట్టనన్న కాగితం కింద సంతకం పెట్టాడు. పూర్తి పేరు పెట్టాడు, ఇంటిపేరుతో సహా. తారీఖు వేశాడు.

"నీ మీద కోపం తగ్గి కాదమ్మా" అన్నాడు అర్చనతో. "నాదీ మనదీ అన్న మాట నాకింకా గుచ్చుకుంటంది. దానికి నీతో మళ్ళీ మాటాడతాను. కాని అబద్దం సరుకు నా గుమ్మానికి కట్టను."

"ఆ అరవై సీరలూ?" అంది కన్యాకుమారి గుమ్మం దగ్గర్నుంచి.

"నువ్వెల్లి తెస్తావు."

"నా వల్ల కాదు."

 ఆయన అర్చన తెచ్చిన కాగితాల్లో ఇంకొకటి తీసి కొడుకు ముందు పెట్టాడు. మీద పెన్ను పెట్టాడు.

"రాయి. ఆ మెయిలు నువ్వు రాసేవని, ఆ యమ్మికి తెలీకుండా రాసేవని రాసి సంతకం పెట్టు."

ప్రమోద్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. కాగితం మీద పైన తారీఖు వేశాడు.  అర్చన గోడ గడియారం చూసింది. మూడున్నర అయింది. ఇప్పుడు రాస్తే నాలుక్కల్లా పంపించవచ్చు, అరుణశ్రీకి సాయంత్రం చేతిలో ఉంటుంది. ఆ తరవాత అరవై ఇళ్ళూ తిరగవచ్చు.

"ప్రమోద్ అనే నేను" అని రాసి ఆగాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ఇది రాసిస్తే నువ్వు కార్తీకంలో ఎల్లిపోతావా?"

వెళ్ళనని ఒక్క మాట అంటే అతను రాసేస్తాడు. ఆ సంగతి అర్చనకి తెలుసు. వెళ్ళనని ఇప్పుడు చెప్పి, కార్తీకంలో వెళ్ళిపోవచ్చు. అతను తనకి చేసింది అదే. ఆ అబద్ధానికి ఆమెకి నోరు రాలేదు.

"వెళ్తాను" అంది.

ప్రమోద్ కాగితం వైపు కాసేపు చూశాడు. పెన్ను మూత పెట్టి తండ్రి వైపు జరిపాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని లేచాడు.

"అయితే ఆ మెయిలు నువ్వే రాసేవు" అన్నాడు.